ఇంట్లో గొడవల వల్ల పసిబిడ్డ బరువు ఆగిపోతుందా? చెల్లి బాబు గురించి, తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్

సింగ్‌నగర్_అక్క
అందరికీ నమస్తే, కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. మా చెల్లి బాబుకి నాలుగో నెల నడుస్తోంది. పుట్టినప్పుడు రెండు కిలోల ఆరొందలు, నార్మల్ డెలివరీ, ఏ ఇబ్బందీ లేదు. రెండో నెల దాకా బానే ఒళ్ళు చేశాడు, ఆ తర్వాత బరువు అక్కడే ఆగిపోయింది. పిల్లల డాక్టర్ గారు రక్తం, యూరిన్ టెస్టులు రాశారు, అన్నీ నార్మలే. పాలు ఎలా తాగుతున్నాడో దగ్గర కూర్చుని చూశారు, నోరు చూశారు, ఏమీ లేదన్నారు. చివర్లో మా చెల్లి వైపు తిరిగి 'నువ్వెలా ఉన్నావమ్మా, నిద్ర పడుతుందా, ఇంట్లో ఎవరన్నా సాయం చేస్తారా' అని అడిగారు. అంతే, అక్కడే బోరున ఏడ్చేసింది.

ఇంట్లో సంగతి ఏంటంటే, 2024 సెప్టెంబర్లో బుడమేరు వరదకి వాళ్ళ ఇల్లు, మరిది (చెల్లి మొగుడు) షాపులో సరుకు మొత్తం మునిగిపోయాయి, ఆ అప్పు ఇంకా తీరలేదు. అప్పట్నించి మరిదికి మందు ఎక్కువైంది. కొట్టడు, కానీ రాత్రి పదకొండింటికొచ్చి అరుపులు, చేతిలో ఉన్నది విసిరేయడం. మా నాన్నకి ఒంట్లో బాలేక పురుడు కూడా సరిగ్గా జరగలేదు, మూడో నెల రాకుండానే అత్తగారింటికి పంపేశాం. ఇంక అత్తగారేమో 'దీనికి పాల్లేవు, డబ్బా పాలు పట్టండి' అని రోజూ అదే పాట. చెల్లి ఏమీ మాట్లాడదు, బాబుని ఒళ్ళో పెట్టుకుని గోడకేసి చూస్తూ కూర్చుంటుంది. నా డౌట్ ఒక్కటే, ఇంట్లో గొడవలు నిజంగా బిడ్డ ఒంటికి ఎక్కుతాయా, లేక డాక్టర్ గారికి జబ్బు దొరక్క అలా అడిగారా?

బ్రాడీపేట_బాబాయ్
గొడవల్లేని ఇల్లు గుంటూర్లో ఒక్కటి చూపించమ్మా, వచ్చి దణ్ణం పెట్టుకుంటా. మేం తొమ్మిదిమందిమి పిల్లలం, మా నాన్న కోపానికి వీధి వీధంతా హడలిపోయేది, అందరం గుండ్రాళ్ళలా పెరిగాం. ఈ కాలం పిల్లలు సున్నితం, ఈ కాలం డాక్టర్లు ఇంకా సున్నితం. ఆవుపాలల్లో నీళ్ళు కలిపి పట్టండి, సాయంత్రం దిష్టి తీయండి, వారంలో చూడండి.

తెనాలి_కోడలు
బాబాయ్ గారూ తొమ్మిదిమందీ బతికారు సంతోషం, ఆ వీధిలో బతకనివాళ్ళు వచ్చి పోస్టు పెట్టలేరు కదండి.

నర్సమ్మ_గుంటూరు
సింగ్‌నగర్ అమ్మాయ్, నేను ప్రసూతి వార్డులో, పిల్లల వార్డులో చేసి రిటైరయ్యాను. ముందు ఒక మాట, ఆవుపాలు వద్దు, గేదెపాలు వద్దు, ఏడాది నిండేదాకా పిల్లలకి అవి తాగే పాలు కావు. ఆరు నెలల దాకా తల్లిపాలే, మంచినీళ్ళు కూడా అక్కర్లేదు. డాక్టర్ గారు చెప్తే తప్ప డబ్బా జోలికి పోకండి. ఇంకోటి, టెస్టులు నార్మల్ అన్నారు కదా అని వదిలేయొద్దు, వారం వారం తూకం వేయించండి. మీ దగ్గర తల్లీబిడ్డల కార్డు ఉంటుందిగా, అందులో గీత గీయించండి, బరువెంత అన్నదానికన్నా గీత పైకెళ్తుందా పడుకుందా అన్నది ముఖ్యం. మామూలుగా అయిదో నెలకి పుట్టిన బరువుకి రెట్టింపవ్వాలి. జ్వరం వచ్చినా, పాలు పట్టనంటున్నా, మగతగా ఉన్నా, డొక్కలు ఎగరేస్తున్నా ఇక్కడ పోస్టు పెట్టకుండా సీదా ఆసుపత్రికి పొండి, బండి లేకపోతే 108.

ఇంక నీ ప్రశ్న. ఎక్కుతుందమ్మా, ఎక్కుతుంది. అదేదో గాల్లోంచి కాదు. తల్లికి పాలు తయారవ్వడం ఒకటి, అవి దిగడం ఇంకోటి. బిడ్డ నోరు పెట్టగానే ఆక్సిటోసిన్ అనే హార్మోన్ ఊరితేనే పాలు వదులుతాయి. భయంలో, నొప్పిలో, ఎవరో తలుపు తడతారేమో అన్న టెన్షన్లో అది సరిగ్గా ఊరదు. పాలుంటాయి, దిగవు. బిడ్డ చీకి చీకి అలిసిపోయి వదిలేస్తాడు, ఏడుస్తాడు, అత్తగారు 'చూశావా పాల్లేవు' అంటారు, తల్లికి ఇంకా దిగులు. ఖాళీ అవ్వని రొమ్ములో నెమ్మదిగా తయారవ్వడం కూడా తగ్గుతుంది, అప్పుడు నిజంగానే పాలుండవు, అత్తగారి మాట నిజమైపోతుంది. ఇది నేను ఎన్నిసార్లు చూశానో. మీ చెల్లిని ఎప్పుడు తింటుందో అడుగు, అందరూ తిన్నాక మిగిలింది తింటుంది అంటే సగం సమాధానం దొరికినట్టే. పథ్యం పేరు చెప్పి కారప్పొడి, వెల్లుల్లి అన్నం తప్ప ఏమీ పెట్టని ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. పప్పు, ఆకుకూర, గుడ్డు, పాలు, అన్నీ తినొచ్చు. రక్తం ఎంతుందో కూడా చూపించండి, 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో ఆడవాళ్ళకి రక్తహీనత 58.8 శాతం.

ఆ మరిది ఇంట్లో సిగరెట్టు కూడా కాలుస్తాడా? కాలిస్తే గుమ్మం బయటికి పంపండి, ఆ పొగకి పసిపిల్లలకి ఊపిరితిత్తుల జబ్బులు పట్టుకుంటాయి.

సింగ్‌నగర్_అక్క
కాలుస్తాడమ్మా, మంచం మీదే. తిండి సంగతి అడిగితే 'ఆకలేయట్లేదక్కా' అంటుంది.

సైకాలజీ_పిల్ల
అక్కా నేను సైకాలజీ పీజీ చేస్తున్నా, నర్సమ్మ గారు ఒంటి సంగతి చెప్పేశారు కాబట్టి మిగతాది నేను చెప్తా. చిన్నప్పటి ఇంటి కష్టాలు పెద్దయ్యాక ఆరోగ్యాన్ని పట్టుకుంటాయా అని అమెరికాలో శాన్ డియాగోలో కైజర్ పర్మనెంటే అనే ఆరోగ్య సంస్థలో ఫెలిట్టి, ఆండా అనే ఇద్దరు డాక్టర్లు పెద్ద స్టడీ చేశారు, మొదటి పేపర్ 1998లో వచ్చింది, రెండు విడతల్లో కలిపి 17 వేలమంది పైనే. ఇంట్లో కొట్టడం, తిట్టడం, తల్లిని కొట్టడం చూడటం, తాగుడు, మానసిక జబ్బు, జైలు, తల్లిదండ్రులు విడిపోవడం, ఇలాంటివి ఎన్ని ఉంటే ఒక్కోదానికి ఒక్కో పాయింటు. పాయింట్లు పెరిగేకొద్దీ గుండెజబ్బు, ఊపిరితిత్తుల జబ్బు, డిప్రెషన్, తాగుడు అన్నీ పెరుగుతూ కనిపించాయి.

పసిపిల్లల విషయానికొస్తే, అరుపు విన్నప్పుడు ఒంట్లో కార్టిసాల్ అనే స్ట్రెస్ హార్మోన్ పెరుగుతుంది, ఎవరో ఎత్తుకుని ఊరుకోబెడితే దిగిపోతుంది, అది మామూలే. రోజూ పెరిగి, దించేవాళ్ళు లేకపోతేనే ప్రాబ్లం, దాన్నే టాక్సిక్ స్ట్రెస్ అంటారు, నిద్ర, ఇమ్యూనిటీ, ఎదిగే మెదడు అన్నిటికీ దెబ్బే. గోడకేసి చూస్తూ కూర్చుంటుంది అన్నారు కదా, దాని మీద కూడా ఒక ప్రయోగం ఉంది, 1970ల్లో ట్రానిక్ అనే ఆయన చేశాడు. తల్లి బిడ్డతో మామూలుగా ఆడుతుంది, తర్వాత కాసేపు మొహంలో ఏ కదలికా లేకుండా ఊరికే చూస్తుంది. బిడ్డ నవ్వుతాడు, చేతులు చాపుతాడు, కేకలేస్తాడు, ఏదోలా తల్లిని వెనక్కి తెచ్చుకోవాలని చూస్తాడు, రాకపోతే మొహం తిప్పేసుకుంటాడు. తల్లి తప్పు అని కాదక్కా చెప్పేది, ఆవిడకి పురుటి తర్వాత వచ్చే డిప్రెషన్ అయ్యుండొచ్చు. మన దేశంలో జరిగిన స్టడీలన్నీ కలిపి చూస్తే బాలింతల్లో 22 శాతానికి ఇది ఉందని 2017లో వచ్చిన పేపర్లో ఉంది, అంటే అయిదుగురిలో ఒకరికి.

బ్రాడీపేట_బాబాయ్
శాన్ డియాగో వాళ్ళ లెక్కలు బెజవాడకి ఎందుకమ్మా. వాళ్ళకి ఉమ్మడి కుటుంబం లేదు, పుట్టిల్లు లేదు, పురుడు లేదు. మన పద్ధతులే దానికి మందు.

సైకాలజీ_పిల్ల
సగం కరెక్టే బాబాయ్. తొలి కాన్పు పుట్టింట్లో, బాలింతకి మూడో నెల దాకా పని చెప్పకపోవడం, పక్కన అమ్మమ్మ, ఇవన్నీ నిజంగా కాపాడేవే, దానికి పేరు పెట్టకుండానే మనవాళ్ళు చేసుకొచ్చారు. కానీ అది అందరికీ దొరుకుతుందా? ఈ అక్క చెల్లికి దొరకలేదు కదా. ఇక్కడి లెక్కలే చెప్తా. 2019-21 సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 20 నుంచి 24 ఏళ్ళ ఆడవాళ్ళలో 29.3 శాతానికి పద్దెనిమిది నిండకుండానే పెళ్ళయిపోయింది, దేశం సగటు 23.3. అయిదేళ్ళలోపు పిల్లల్లో వయసుకి తగ్గ ఎత్తు లేనివాళ్ళు 31.2 శాతం. పదహారేళ్ళ పిల్ల తల్లయితే ఆమెకే ఇంకా ఎదిగే ఒళ్ళు, ఇంట్లో నోరెత్తే హక్కు లేదు, ఆకలేస్తుంది అనడానికి కూడా సిగ్గు.

తెనాలి_కోడలు
ఉమ్మడి కుటుంబం మందు అన్నారు బాబాయ్, నాకు అదే జబ్బయింది. మా అత్తగారు ఒక్క మాట తిట్టేవారు కాదు, మాట్లాడేవారే కాదు. పాప పుట్టాక కూడా, ఆడపిల్ల అని. నేను వంటింట్లోకి వెళ్తే ఆవిడ బయటికి. పాప మూడో నెలలో విరేచనాలతో ఆసుపత్రిలో ఉంటే కూడా పలకరింపు లేదు. అప్పుడు నాకేమయ్యేదంటే పాప ఏడుస్తుంటే వినపడేది కానీ లేచి వెళ్ళాలనిపించేది కాదు, కాళ్ళు కదిలేవి కాదు. టీకాకి తీసుకెళ్ళాల్సిన తేదీ కూడా దాటిపోయింది. దాన్ని బద్ధకం అన్నారు అందరూ.

ఇప్పుడు ఈ స్కోరు సంగతి చదివి లెక్కేసుకున్నా, నా చిన్నప్పటిది ఏడొచ్చింది. మా నాన్న తాగుడు, అమ్మని కొట్టడం అన్నీ. అంటే నా ఆరోగ్యం, నా పాప ఆరోగ్యం అన్నీ అయిపోయినట్టేనా?

సైకాలజీ_పిల్ల
అయ్యో లేదక్కా, అందుకే ఆ స్కోరు ఎవరూ ఒంటరిగా కూర్చుని వేసుకోకూడదు. ఆ స్టడీ చేసిన ఆండా గారే 2020లో మళ్ళీ పేపర్ రాసి మరీ చెప్పారు, ఇది వేలమందిని కలిపి చూడటానికి పనికొస్తుంది గానీ ఒక మనిషి జాతకం చెప్పడానికి కాదు అని. ఏడు ఉండి శుభ్రంగా ఉన్నవాళ్ళున్నారు, సున్నా ఉండి జబ్బుపడ్డవాళ్ళున్నారు.

ఇంకో మంచి మాట. మాంట్రియల్లో మీనీ అనే ఆయన ఎలుకల మీద చేశాడు (బాబాయ్ నవ్వకండి). కొన్ని తల్లులు పిల్లల్ని బాగా నాకి దగ్గరికి తీసుకుంటాయి, కొన్ని అంతగా పట్టించుకోవు. పట్టించుకోని తల్లి పిల్లలు పెద్దయ్యాక చిన్నదానికే బెదిరిపోతాయి. కానీ అదే పిల్లల్ని పుట్టిన వెంటనే బాగా చూసే తల్లి దగ్గర పెడితే అవి ఆ పెంచిన తల్లి పిల్లల్లాగే నిబ్బరంగా పెరిగాయి. 2004లో వచ్చిన పేపర్లో ఆ తేడా జీన్స్ పనిచేసే తీరులో కూడా చూపించారు. మనుషుల్లో అయితే రుమేనియాలో, బుకారెస్ట్ అనాథాశ్రమాల్లో పిల్లలతో 2000 సంవత్సరంలో మొదలుపెట్టిన స్టడీ ఉంది, 136 మంది పిల్లలు. సగం మందిని పెంపుడు కుటుంబాల్లో పెట్టారు, రెండేళ్ళలోపు వెళ్ళినవాళ్ళు బాగా కోలుకున్నారు. ఆలస్యంగా వెళ్ళినవాళ్ళకి కూడా లాభమే, కాకపోతే కొన్ని విషయాల్లో అంత కాదు. తొందరగా చేస్తే ఎక్కువ లాభం, అంతే.

కృష్ణలంక_చిన్ని
ఒక్క డౌట్, వరదప్పుడు నాకు ఐదో నెల. మేడ మీద కరెంటు లేకుండా, తాగడానికి నీళ్ళు లేకుండా అల్లాడిపోయాం, పడవలో బయటపడ్డాం. పాపకి ఏమన్నా అవుతుందా, కడుపులో ఉన్నప్పుడు భయం కూడా లెక్కేనా?

సైకాలజీ_పిల్ల
కొంచెం లెక్కే అక్కా, కానీ గాభరా పడొద్దు. తల్లి కార్టిసాల్‌ని చాలావరకు మాయలోనే ఒక ఎంజైమ్ ఆపేస్తుంది, మరీ ఎక్కువైతే కొంత దాటుతుంది. 1998 జనవరిలో కెనడాలో క్యూబెక్ దగ్గర మంచు తుఫాను వచ్చి వారాల తరబడి కరెంటు పోయింది, అప్పుడు కడుపుతో ఉన్నవాళ్ళ పిల్లల్ని ఏళ్ళ తరబడి చూస్తూ వచ్చారు. కష్టం ఎక్కువ పడ్డవాళ్ళ పిల్లలకి చిన్నప్పుడు మాటల్లో సగటున కొంత తేడా కనిపించింది. సగటు అంటున్నా, మీ పాప అని కాదు. పాపతో ఎక్కువ మాట్లాడండి, అదేదో ఊ కొడితే మీరూ ఊ కొట్టండి, అంతకన్నా పెద్ద ట్రీట్‌మెంట్ లేదు.

పటమట_నాన్న
మగాళ్ళ వైపు నుంచి ఒక మాట చెప్తా తిట్టొద్దు. ఆ మరిది సంగతి. సరుకు మొత్తం బురదలో పోయి, ఫైనాన్స్ వాడు రోజూ షాపు ముందు కూర్చుంటే మనిషి ఎలా అవుతాడో నాకు తెలుసు, మా వీధిలోనే చూశా. తాగుబోతు అని ముద్రేసి పక్కన పెడితే ఆ ఇంట్లో మారాల్సిన మనిషే మిగలడు. మాకు బాబు పుట్టినప్పుడు నేను కూడా ఊరికే చిరాకు, పిల్లాడు ఏడిస్తే బైక్ తీసుకుని బయటికి. మా మావయ్య ఒక రోజు పిల్లాడిని నా చొక్కా విప్పించి గుండెల మీద పడుకోబెట్టి వెళ్ళిపోయాడు. కదిలితే లేస్తాడని కదల్లేదు. ఆ తర్వాత రాత్రి ఒంటిగంట తర్వాత డైపర్ డ్యూటీ నాదే. ఎవరన్నా అతన్ని కూర్చోబెట్టి, బిడ్డ బరువుకీ అతని అరుపులకీ లింకుందని డాక్టర్ చేత చెప్పించండి, ఆడవాళ్ళు చెప్తే ఎక్కదు, డాక్టర్ చెప్తే ఎక్కుతుంది.

తెనాలి_కోడలు
అన్నా మీరు చెప్పింది బానే ఉంది, నాకు కూడా అతని మీద జాలే. కానీ చేతిలో ఉన్నది విసిరేయడం అంటే రేపు అది ఎవరికి తగులుతుందో తెలీదు, ఒళ్ళో బాబున్నాడు. కొట్టలేదు కదా అని తీసేయకండి. 2005 గృహహింస చట్టంలో మాటలతో హింసించడం, డబ్బు ఇవ్వకపోవడం కూడా వస్తాయి. వెంటనే పోలీసు కేసు అని కాదు, రక్షణ అధికారి ద్వారా ఆ ఇంట్లోనే ఉండేలా, హింస ఆపేలా ఆర్డర్ తెచ్చుకోవచ్చు. 181కి ఫోన్ చేస్తే చెప్తారు. సర్వేలో పెళ్ళైన ఆడవాళ్ళలో మన రాష్ట్రంలో సుమారు ముప్ఫై శాతం మంది భర్త చేతిలో హింస చూశామన్నారు, అది చెప్పినవాళ్ళ లెక్క.

ఆశావర్కర్_మంగళగిరి
నేను ఫీల్డులో ఉన్నాను, మా సంగతి కూడా వినండి. ఆసుపత్రిలో కాన్పయితే మేం ఇంటికి మూడో రోజు, ఏడు, పద్నాలుగు, ఇరవయ్యొకటి, ఇరవయ్యెనిమిది, నలభై రెండో రోజు వెళ్ళాలి, ఆ తర్వాత మూడో నెల నుంచి మూడు నెలలకోసారి పదిహేనో నెల దాకా. వెళ్తాం. కానీ అత్తగారు పక్కనే కూర్చుంటుంది. 'ఎలా ఉన్నావమ్మా' అంటే అత్తగారే 'బానే ఉందండి' అంటుంది. తూకం వేసి, టెంపరేచర్ చూసి, రాసుకుని వచ్చేస్తాం. నేనేం చేస్తానంటే, అనుమానం వస్తే 'కార్డు ఎంట్రీ ఉంది, అంగన్‌వాడీకి బిడ్డనెత్తుకుని రా' అంటాను. దారిలో మాట్లాడుతుంది. ఆ పది నిమిషాల నడకలో తెలిసినంత నాకు ఇంట్లో ఎప్పుడూ తెలీలేదు. ఒకమ్మాయి చేతి మీద వాతలు అలాగే చూశాను.

సైకాలజీ_పిల్ల
ఆశక్కా మీలాంటివాళ్ళ వల్లే అవుతుందని పాకిస్తాన్‌లో చూపించారు తెలుసా, 2008లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. పల్లెల్లో లేడీ హెల్త్ వర్కర్లకి ట్రైనింగ్ ఇచ్చి, డిప్రెషన్ ఉన్న తల్లుల ఇంటికెళ్ళి మాట్లాడించారు, డాక్టర్లు కాదు. ఆరు నెలల తర్వాత చూస్తే మాట్లాడినవాళ్ళలో డిప్రెషన్ 23 శాతం, ఆ ట్రైనింగ్ లేని వర్కర్లు మామూలుగా వెళ్ళొచ్చినవాళ్ళలో 53 శాతం. తర్వాత గోవాలో పక్కింటి ఆడవాళ్ళకే నేర్పించి కూడా చేశారు. వాళ్ళ కిటుకేంటంటే 'నీకు డిప్రెషన్' అని మొదలుపెట్టరు, 'బిడ్డ బాగుండాలంటే ఏం చేద్దాం' అని మొదలుపెడతారు, అప్పుడు అత్తగారు కూడా అడ్డం రాదు.

ఆశావర్కర్_మంగళగిరి
బానే ఉందమ్మా, ఆ మాట్లాడే టైముకి కూడా డబ్బులిస్తే ఇంకా బాగుంటుంది 🙂

మిర్చియార్డ్_మామ
అందరూ ఇంట్లో గొడవల గురించే రాస్తున్నారు, ఇంటి బయట కష్టం ఎవరు రాస్తారు. మిర్చి కోతలప్పుడు చూడండి, బాలింతలు కూడా వస్తారు కూలికి, చెట్టుకి చీర కట్టి అందులో బిడ్డ. గంటకోసారి పాలివ్వడానికి మేస్త్రి ఒప్పుకోడు. మా తొడిమలు తీసే చోట కూడా అంతే, ఘాటుకి పెద్దవాళ్ళమే దగ్గుతాం. ఆఫీసులో పనిచేసేవాళ్ళకి ఇరవయ్యారు వారాల సెలవు, వీళ్ళకి సెలవంటే కూలి పోవడం. కేంద్రం స్కీములో తొలి బిడ్డకి అయిదు వేలు ఇస్తారు, అవి ఎన్నాళ్ళొస్తాయి. భార్య కూలికి పోకపోతే గడవని ఇంట్లో మొగుడూ పెళ్ళాల గొడవకి మూలం కూడా అదే.

నర్సమ్మ_గుంటూరు
మిర్చియార్డ్ బాబూ నూటికి నూరుపాళ్ళు నిజం. వార్డులో మందులు రాసి పంపేదాన్ని, అదే బిడ్డ మళ్ళీ వచ్చేవాడు. తల్లికి తిండి, నిద్ర లేకుండా బిడ్డకి టానిక్కులు పోస్తే ఏం లాభం. బిడ్డకి వైద్యం తల్లి దగ్గర మొదలుపెట్టాలి, తల్లికి వైద్యం ఆ ఇంటి దగ్గర. అన్నట్టు సింగ్‌నగర్ అమ్మాయ్, ఏమైంది, కనపడట్లేదు?

సింగ్‌నగర్_అక్క
ఇప్పుడే చూశాను అందరివీ. చెల్లిని, బాబుని మా ఇంటికి తెచ్చేసుకున్నాను. రెండు గదుల ఇల్లు, మా అత్తగారు మొహం ముడుచుకున్నారు, పర్లేదు. పడుకోవే అంటే పగలంతా నిద్రపోయింది, అంత నిద్ర ఎక్కడ దాచుకుందో. వాళ్ళ అత్తగారు ఫోన్ చేసి 'మా పరువు తీస్తున్నారు' అని అరిచారు. మరిది వచ్చాడు, తాగకుండానే వచ్చాడు, బాబుని ఎత్తుకుని కూర్చుని వెళ్ళాడు, ఏమీ మాట్లాడలేదు. మా ఆయన అతన్ని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తానంటున్నారు. బరువు మాత్రం ఇంకా కదల్లేదు, అంగన్‌వాడీలో తూకం వేయిస్తే కొంచెమే తేడా వచ్చింది.

పెద్దాసుపత్రిలో సైకియాట్రీ ఓపీకి కూడా తీసుకెళ్ళమన్నారు పిల్లల డాక్టర్ గారు. అక్కడ మాత్రలిస్తే పాలు మానేయాలేమో అని చెల్లి భయం, అందుకే రానంటోంది.

నర్సమ్మ_గుంటూరు
మానక్కర్లేదమ్మా. పాలిచ్చే తల్లులకి వాడదగ్గ మందులున్నాయి, వెళ్ళగానే 'పాలిస్తున్నాను, బాబుకి నాలుగో నెల' అని మొదటి మాటే అది చెప్పాలి. సొంతంగా కొనడం, మధ్యలో ఆపేయడం రెండూ వద్దు. చాలామందికి మాట్లాడటంతోనే తేలికవుతుంది, మందుల దాకా రాకపోవచ్చు కూడా. వెళ్ళేలోపు దిగులు ఎక్కువైతే 14416, టెలీ మానస్ అంటారు, ఏ టైములో అయినా చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు, ఫ్రీ. ఒకవేళ 'నేను లేకపోతేనే వీడు బాగుంటాడు' లాంటి మాట ఎప్పుడన్నా అంటే ఒక్క క్షణం ఒంటరిగా ఉంచొద్దు, అర్ధరాత్రైనా ఆసుపత్రికే.

పాలిచ్చేటప్పుడు గది తలుపేసి పక్కన నువ్వు ఒక్కదానివే ఉండు, ఒకవైపు పూర్తిగా తాగాకే రెండోవైపు, రాత్రి పాలు అసలు మానొద్దు. రోజుకి ఆరుసార్లైనా ఒంటేలు పోస్తున్నాడా చూసుకో. వచ్చే వారం మళ్ళీ తూకం, అప్పటికీ గీత లేవకపోతే డాక్టర్ గారు ఏం చెప్తే అది, పైపాలు కొంత కలపమన్నా గొడవ పడొద్దు, అప్పుడు అది కావాల్సిందే.

బ్రాడీపేట_బాబాయ్
ఆవుపాల సంగతి వదిలేశాలే. దిష్టి మాత్రం తీయండమ్మా.

నర్సమ్మ_గుంటూరు
తీయండి, కళ్ళకి కాటుక మాత్రం పెట్టొద్దు. అమ్మాయ్, సైకియాట్రీ ఓపీ పొద్దున్నే పెట్టుకో, బాబు కార్డు, పాత టెస్టు కాయితాలు అన్నీ ఒక కవర్లో వేసుకుని వెళ్ళండి.

సింగ్‌నగర్_అక్క
సరేనమ్మా, సోమవారం వెళ్తున్నాం. ఆశక్కా, వేరే ఏరియా అంగన్‌వాడీలో కార్డు ఉంటే మా ఏరియాలో తూకం ఎంట్రీ వేస్తారా?

ఆశావర్కర్_మంగళగిరి
వేయమని అడగండి, కార్డు చూపిస్తే తూకం వేసి రాస్తారు. ఒప్పుకోకపోతే మీ ఏరియా ఆశాని కలవండి, ఆవిడే తీసుకెళ్తుంది.